తెర పట్టినవాడి దరువు

కలధౌతపురికి ఏడు ప్రాకారాలు. మొదటి ప్రాకారం మీద నెమళ్లు, రెండోదాని మీద ఆ నెమళ్లను చూడవచ్చిన జనం, మూడోదాని మీద ఆ జనాన్ని అదిలించే భటులు. తక్కిన నాలుగింటి సొగసు వర్ణిస్తూ కూర్చుంటే పొద్దు చాలదు. మనకేమో పొద్దుగుంకేలోగా తేలవలసిన వ్యవహారం ఒకటుంది.

ఆనాడు ఉత్తుంగవర్మ మహారాజు జన్మదినం. వీధుల్లో పచ్చకర్పూరం కలిపిన కళ్లాపి చల్లారు. పట్టపుటేనుగు నుదుట కుంకుమపువ్వుతో ముగ్గు పెట్టారు. అది తొండంతో చెరుపుకుంటే మళ్లీ పెట్టారు. వెయ్యిన్నొక్క స్తంభాల సభామండపంలో స్తంభానికొక మొగలిరేకుల జడ అల్లి వేలాడదీశారు. రాజు పుట్టినరోజున సూర్యోదయం మొదలు సూర్యాస్తమయం దాకా ఆ మండపంలో కొత్త యక్షగానం ఆడటం ఏడు తరాలుగా వస్తున్న ఆచారం. ఈ ఏటి ఆట పేరు 'మేఘమాలినీ పరిణయం'. కట్టినవారు మహాకవి మద్దెల గవరయ్యగారని ఊరంతా చాటింపు వేశారు.

ఆ చాటింపు పచ్చి అబద్ధం. గవరయ్యకు మద్దెల వాయించడం తప్ప మరొకటి రాదు. రాగం, తాళం, పదం, పద్యం సమస్తమూ కట్టింది ఆయన ఇంట పెరిగిన పంతొమ్మిదేళ్ల సంపెంగి.

పాట చివర కట్టినవారి పేరు పలికించడాన్ని ముద్ర అంటారు. ఆ సభలో ఆడదాని ముద్ర ఏనాడూ పలకలేదు. అందుచేత పుట్టినరోజులకూ పండగలకూ సంపెంగి కట్టిన పదకొండు యక్షగానాలూ గవరయ్య ముద్రతోనే సభకెక్కాయి. పదకొండుసార్లు పండితులు గవరయ్యకు శాలువా కప్పారు. ఆ ముసలాయన సిగ్గుతో కుంచించుకుపోతూ ఇంటికొచ్చి, శాలువా మడత పెట్టి సంపెంగి చేతిలో పెట్టేవాడు. ఆమె పదకొండింటినీ ఒకదానిమీద ఒకటి పరిచి పరుపు చేసుకుంది. బిరుదుల మీద అంత హాయిగా నిద్రపోయిన మనిషి ఆ రాజ్యంలో మరొకరు లేరు. అయినా బాధ బాధే. చివరి చరణంలో తన పేరు ఉండవలసిన చోట తాత పేరు వినబడినప్పుడల్లా పందిరి చాటున నిలబడ్డ సంపెంగి మొహం తిప్పుకునేది.

ఈ గుట్టు కనిపెట్టినవాడు మహారాజు ఒక్కడే. కిందటి వసంతంలో ఆమెను తోటకు పిలిపించి, "అమ్మాయీ, తన పద్యాన్ని తానే తప్పు చదివే కవిని నేనింతవరకు చూడలేదు. ఈ పాటలు గవరయ్యవి కావు, నీవి. అవునా?" అని అడిగాడు. సంపెంగి తల వంచుకుంది.

"రాజాసనం మీద కూర్చున్నవాడు తన నోటితో పాడిన ముద్రను కాదనే హక్కు ఎవడికీ లేదు. నా పుట్టినరోజున నీ ముద్ర నేనే పాడతాను. సరేనా?"

సంపెంగి కళ్లనీళ్లు పెట్టుకుంది, సగం సంతోషంతో, సగం భయంతో. ఎందుకంటే మహారాజుకు సంగీతమంటే ప్రాణం, సంగీతానికి మాత్రం మహారాజంటే భయం. ఎనిమిది దెబ్బల తాళంలో ఆయన మూడో దెబ్బ మింగేసేవాడు. ఆ తప్పు దిద్దుకోవడానికన్నట్టు చివర రెండు అదనంగా వేసేవాడు. పుట్టినప్పటి నుంచీ అంతే. ప్రభువు నొచ్చుకోకూడదని సభికులంతా అదే నేర్చుకున్నారు. నగరంలో దానికి 'రాజుగారి తాళం' అని పేరు. ఆ తాళంలోనే మహారాజు "సంపెంగి నుడివిన సరసగీతమిది" అన్న ముద్రపంక్తిని నెలల తరబడి తోటలో సాధన చేశాడు. తోటలో చిలకలు వేరే చోటు వెతుక్కున్నాయి.

సరిగ్గా నలభై రోజుల కిందట మహారాజు వేటకు వెళ్లాడు. తిరిగి వచ్చినవాడు ముద్ర మాటెత్తితే "ఆడదాని ముద్రా? నోరు మూసుకుని గవరయ్య పేరే పాడించు" అని కసిరాడు. భుజం మీద ఒక డేగ. అది వచ్చినప్పటి నుంచి రోజుకొక ఆజ్ఞ. ఇవాళ్టి ఆజ్ఞ మరీ వింత: నగరంలో కనిపించిన గోరువంకనల్లా పొద్దుగుంకేలోగా పట్టి చంపాలి!

మండపం వెనక వేషాల పందిరిలో సంపెంగి ఒక మునీశ్వరుడికి గడ్డం అతికిస్తోంది. గంటం ఎప్పటిలాగే ఆమె కొప్పులో గుచ్చి ఉంది. అంతలో పందిరి సందులోంచి ఒక గోరువంక రివ్వున దూసుకొచ్చి గవరయ్య మద్దెల మీద వాలింది. రెక్క ఒకటి నలిగి ఉంది.

"హుష్! పో! భటులు చూస్తే నీ ప్రాణం, నా మద్దెలా రెండూ పోతాయి" అన్నాడు గవరయ్య.

గోరువంక పోలేదు. ముక్కుతో మద్దెల మీద కొట్టడం మొదలుపెట్టింది. టప్, టప్... టప్, టప్, టప్, టప్, టప్. టప్పు టప్పు!

సంపెంగి చేతిలో గడ్డం జారిపోయింది. మూడో దెబ్బ లేదు. చివర రెండు ఎక్కువ.

"తాతా, విన్నావా?"

గవరయ్య నోరు తెరుచుకుని ఉంది. "విన్నాను తల్లీ. ఈ భూప్రపంచంలో అంత దరిద్రంగా తాళం వెయ్యగలిగినవాడు ఒక్కడే."

"మహాప్రభూ!" అంది సంపెంగి. గోరువంక తల ఊపింది. ఆ పైన మరోసారి, ఇంకా దరిద్రంగా, తాళం వేసింది.

పరరూపం కట్టిన మాంత్రికుడు నలభయ్యో రోజు సూర్యాస్తమయం దాకా నిభాయించుకుంటే ఆ రూపం వాడికే శాశ్వతం. రూపం పోగొట్టుకున్నవాడు పక్షిగానో జంతువుగానో ఉండిపోవలసిందే. ఈలోగా ఆ మాంత్రికుడు నిండుసభలో తన అసలు పేరు తన నోటితో చెప్పాడా, కట్టిన రూపం ఊడిపడుతుంది. కలధౌతపురిలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. కాని వాడి పేరేమిటో, వాడి చేత ఎలా చెప్పించాలో చెప్పేవారే లేరు. ఇవాళే నలభయ్యో రోజు.

"భటులొస్తున్నారు!" అన్నాడు మునీశ్వరుడు సగం గడ్డంతో. సూత్రధారి వేషం కట్టవలసిన ఆసామి ఆ మాట వింటూనే తలపాగా అక్కడే పడేసి, పందిరి వెనక సందులోంచి ఎటో జారుకున్నాడు.

సంపెంగి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గోరువంకను తలపాగాలో కుక్కింది, తలపాగా నెత్తిన పెట్టుకుంది, దీపపు మసి వేలితో తీసి మూతి మీద మెలితిరిగిన మీసం దిద్దుకుంది. సూత్రధారి నిలువుటంగీ తొడుక్కుంటూ ఉండగానే దండనాయకుడు దుర్దముడు పదిమంది భటులతో లోపలికొచ్చాడు.

వాళ్లు పెట్టెలు బోర్లించారు. మద్దెల ఊపి చూశారు. మునీశ్వరుడి గడ్డం పీకారు. అది ఊడి వస్తే దాన్ని కూడా దులిపి చూశారు. చివరికి దుర్దముడు సంపెంగి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎవడ్రా నువ్వు?"

"సూత్రధారిని దొరా" అంది సంపెంగి గొంతు బొంగురు చేసి.

తలపాగాలో మహారాజుకు ఊపిరాడలేదో ఏమో, టప్ టప్ మని ఆమె మాడు మీద పొడిచాడు. తలపాగా కదిలింది.

"తలపాగా ఎందుకలా ఎగురుతోంది?"

"తాళం తలకెక్కింది దొరా. మా వృత్తిలో ఇదొక జబ్బు. దగ్గరికి రాకండి, అంటుకుంటుంది."

దుర్దముడు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఛీ ఛీ, పదండి!" అని భటులను తోలుకుపోయాడు.

ఆట మొదలైంది. రాజాసనం మీద మహారాజు రూపంలో ఆ మాంత్రికుడు, పక్కన బంగారు కొమ్మ మీద డేగ. సంపెంగి మండపం మీదికి రావడం జీవితంలో అదే మొదటిసారి. తన పాటను చాటు నుంచి కాక నడిమధ్య నిలబడి వింటుంటే, ఇంత ఆపదలోనూ ఆమె కాళ్లకు గజ్జెలు కట్టినంత ఆనందం వేసింది. దాన్ని దాచుకోవడానికి మీసం దువ్వుకుంది. సగం మీసం వేలికి అంటుకుంది.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. పాత్ర ఊరికే వచ్చి నిలబడకూడదు. ఇద్దరు మనుషులు చెరొక కొసా పట్టుకుని తెర నిలుపుతారు. పాత్ర ఆ తెర వెనక నిలబడితే, వాడెవడో ఎంతవాడో వర్ణిస్తూ మేళం ప్రవేశ దరువు పాడుతుంది. ఆ పైన సూత్రధారి "ఎవరు స్వామీ తమరు?" అని అడగాలి. వచ్చినవాడు తన పేరు చెప్పాలి. చెబితేగాని తెర దిగదు. దరువు లేనివాడు ఆ మండపం మీద లేనట్టే లెక్క.

గంధర్వరాజు దరువు మొదలవగానే సభికులు అలవాటు కొద్దీ మూడో దెబ్బ మింగి తాళం వేశారు. మాంత్రికుడు చిరాకుగా వాళ్లకేసి చూసి, తను మాత్రం దెబ్బ పొల్లుపోకుండా ఎనిమిదీ వేశాడు. సంపెంగికి ఒళ్లు ఝల్లుమంది. ఇతనెవడో గాని సంగీతం తెలిసినవాడు!

అంతలో తెర పట్టినవాళ్లలో ఒకడి చెయ్యి అలసి కొస కొంచెం జారింది. రాజాసనం మీద కూర్చున్నవాడి కుడిచెయ్యి తనంతట తాను పైకి లేచింది. చిటికెన వేలు కొక్కెంలా వంగి, గాలిలో లేని బట్ట కొసను అందుకుని నిలిపింది. ఆ వెంటనే వాడు ఉలిక్కిపడి చెయ్యి దించుకున్నాడు.

నలభై ఏళ్లలో మొదటిసారి గవరయ్య మద్దెల ఒక దెబ్బ తప్పింది.

మధ్యాహ్నం సభ భోజనాలకు లేచింది. పులిహోర గుట్టలు, పూర్ణాల బుట్టలు, నేతి ధారలు. మహామంత్రి ఒక్కడే పంతొమ్మిది పూర్ణాలు తిన్నాడని లెక్కపెట్టినవాళ్లు చెప్పారు. పందిరిలో సంపెంగి, గవరయ్య మాత్రం విస్తళ్లు ముట్టుకోలేదు.

"ఆ చిటికెన వేలు నాకు తెలుసు తల్లీ. తెర అట్లా పట్టినవాడు ఒక్కడే. పుల్లన్న! పాతికేళ్ల కిందట మన మేళంలోనే ఉండేవాడు."

"ఏ వేషం కట్టేవాడు?"

"వేషమా? తొమ్మిదేళ్లు తెరే పట్టాడు. మనిషి మహా పొట్టి, పీలగొంతు. కాని ప్రతి పాత్ర దరువూ వాడికి కంఠతా వచ్చు. ఒక్కటంటే ఒక్క ప్రవేశ దరువు నాక్కూడా కట్టండయ్యా అని ఏటేటా అడిగేవాడు. మేము నవ్వేవాళ్లం. ఒకరోజు ఆట మధ్యలో తెరను చుట్టచుట్టి చంకన పెట్టుకుని, దాంతోనే అడవిలోకి వెళ్లిపోయాడు. ఆ పైన ఎవడో మాంత్రికుడి దగ్గర చేరాడని విన్నాను." గవరయ్య కళ్లు దించుకున్నాడు. "నేనూ నవ్వాను తల్లీ, ఆరోజు."

సంపెంగికి వాడి మీద కోపం రావలసింది, రాలేదు. వాడు రాజాసనం ఎక్కాడు, నిజమే. కాని నలభై రోజులుగా జనం జేజేలు కొడుతున్నది వాడి పేరుకు కాదు, ఉత్తుంగవర్మ పేరుకు. ఎవరి పేరో తన చెవుల్లో మోగుతుంటే తను లేనట్టే నిలబడటం ఎలా ఉంటుందో ఆ రాజ్యంలో సంపెంగి కంటే బాగా తెలిసినవారు లేరు.

"తాతా, వాడికి ప్రవేశ దరువు కడతాను. నవ్వొచ్చేలా కడితే వాడు కదలడు. అబద్ధపు పొగడ్తలు కట్టినా కదలడు. వాడు పాతికేళ్లుగా వినాలనుకున్నది కట్టాలి. నిజంగా బాగుండాలి."

"పొద్దు లేదే అమ్మా! స్తంభాల నీడ చూడు, ఎంత సాగిందో!"

"అయితే మాట్లాడకు."

కొప్పులోంచి గంటం తీసి, చేతికి దొరికిన తాటాకు మీద ఆమె గీకడం మొదలుపెట్టింది. మహారాజు తలపాగాలోంచి బయటికొచ్చి విస్తరిలో పూర్ణం ఒకటి పొడుచుకు తిన్నాడు. పక్షి అయినా ఆకలి ఆకలే. మొదటి చరణం కుదిరింది. రెండోది మూడుసార్లు కొట్టేసింది. మూడోదానికి వచ్చేసరికి ఆమె కళ్లు మెరుస్తున్నాయి. పాట కుదిరినప్పుడు ఆమె ఎడమ కాలి బొటనవేలు తనంతట తాను నేలమీద తిరుగుతుంది. ఇప్పుడది సుడి తిరిగింది.

సభ మళ్లీ నిండింది. పడమటి వాకిలి గుండా ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి స్తంభాల వరుసల్ని ఒక్కొక్కటే వదులుకుంటూ పోతోంది. ఆఖరి వరుస కూడా వదిలిందంటే సూర్యాస్తమయమే. సంపెంగి మండపం మధ్యకు వచ్చి నిలబడింది.

అప్పుడే డేగ ఆమె తలపాగాను చూసింది.

పూర్ణం తిన్న మహారాజుకు తుమ్మొచ్చిందో ఏమో, తలపాగా మడతలోంచి ఒక గోధుమరంగు ఈక బయటికొచ్చింది. డేగ బంగారు కొమ్మ వదిలి రాయిలా కిందికి దూకింది. సంపెంగి ఒంటికాలి మీద గిర్రున తిరిగింది. డేగ గోళ్లు గాలిని చీల్చాయి. మళ్లీ వచ్చింది. ఆమె మోకాళ్ల మీద కూలి జారింది, లేచింది, మరో గిరికీ కొట్టింది. గవరయ్య ఆమె ప్రతి అడుగుకీ మద్దెల మీద ముక్తాయింపు వేశాడు. ఇదంతా ఆటలో భాగమే అనుకుని సభ సభంతా "శభాష్! శభాష్!" అని చప్పట్లు కొట్టింది. మూడోసారి డేగ దూకేసరికి సంపెంగి తెర కొస లాగి దాని మీద విసిరింది. డేగ ఆ బట్టలో చిక్కి మూటలా నేలమీద పడింది. అదీ ఆటే అనుకుని భటుడొకడు ఆ మూటను చంకనెత్తుకుని బయటికి పోయాడు.

"ఏమిటీ ఆగడం!" అని మాంత్రికుడు సగం లేచాడు.

సంపెంగి చేతులు జోడించింది. "మహాప్రభూ! తమ పుట్టినరోజని కొత్త పాత్ర ఒకటి కట్టాం. వాడెవడో ఇంకా తెర వెనకే ఉన్నాడు. దరువు మాత్రం చిత్తగించాలి."

ఇద్దరు మనుషులు మరో తెర తెచ్చి నిలిపారు. తెర వెనక ఎవరూ లేరు. గవరయ్య మద్దెల అందుకుంది. సంపెంగి గొంతు బొంగురు మాని, తన సొంత గొంతుతో పాడింది.

"వెడలె వెడలె నదిగో వీడెవ్వడమ్మా
తెరచాటు మొనగాడు వీడెవ్వడమ్మా
నూరుగురు రాజులకు దారి విడిచినవాడు
దారి నడువక తాను దాగి నిలిచినవాడు"

మాంత్రికుడు కదలకుండా కూర్చున్నాడు. వాడి పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"చిటికెన వేలిపై స్వర్గమ్ము నిలిపి
చెమట తుడువగ వేరు చెయ్యి లేనివాడు
ఆడినవారెల్ల అలసి నిద్దురబోగ
పాడని పాటలు పాడుకొన్నవాడు
వెడలె వెడలె నదిగో వీడెవ్వడమ్మా"

వాడి కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. ఆసనం చేతులు గట్టిగా పట్టుకున్నాడు. వద్దు, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కాని పాతికేళ్లుగా వినని దరువు వినబడుతుంటే కాళ్లు వాడి మాట వినలేదు. లేచాడు. ఒక మెట్టు దిగాడు. మరో మెట్టు. మహారాజే ఆటకు దిగుతున్నాడనుకుని సభంతా లేచి నిలబడి జయజయధ్వానాలు చేసింది. వాడు అవేవీ వినకుండా, అడుగు తాళంలో వేస్తూ, తిన్నగా వెళ్లి తెర వెనక నిలబడ్డాడు.

ఎండ ఆఖరి వరుస స్తంభాల మొదట్లో ఉంది. సంపెంగి తెర దగ్గరికి జరిగింది.

"ఎవరు స్వామీ తమరు?" అని అడిగింది.

తెర కదలలేదు. ఎండ జానెడు వెనక్కి పోయింది. తలపాగాలో మహారాజు ఊపిరి బిగబట్టాడు.

"ఇంత చక్కని దరువుకు తగ్గ పాత్ర, ఎవరు స్వామీ తమరు?"

తెర వెనక నుంచి పీల గొంతొకటి వినిపించింది. వణుకుతూ మొదలై, చివరికి వచ్చేసరికి మండపం మోగింది.

"పుల్లన్నను! నేను పుల్లన్నను!"

తెర దిగింది. మహారాజు పట్టుబట్టల్లో, అవి నేలమీద జీరాడుతుండగా, మూడున్నర అడుగుల మనిషి చేతులు చాచి నిలబడి ఉన్నాడు. అదే క్షణంలో సంపెంగి తలపాగా ఫట్టున పగిలింది. ఎగిరింది గోరువంక, దిగింది మహారాజు. ఆయన బొజ్జతో సహా తిన్నగా దండనాయకుడు దుర్దముడి మీద పడ్డాడు. దుర్దముడు ఆ బరువు కింద నుంచే "మహారాజుకు జయం" అన్నాడు. కింద పడ్డా మర్యాద తెలిసినవాడు.

సభ ఒక్కసారిగా గొల్లుమంది. ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు, మహామంత్రి ఇంకో పూర్ణం తిన్నాడు. సంపెంగి తలపాగాతో పాటు కొప్పు కూడా విడిపోయి జుట్టు వీపున పడింది. గంటం మాత్రం చిక్కులో వేలాడుతూ ఉండిపోయింది. సగం మీసంతో ఉన్న ఆ సూత్రధారి ఆడపిల్ల అని అందరికీ తెలిసిపోయింది.

పుల్లన్నకు ఇవేవీ పట్టలేదు. తన దరువు ఇంకా పూర్తి కాలేదు కదా! ముందుకొచ్చి, కళ్లు తుడుచుకుని, చివరి చరణం తానే అందుకున్నాడు. దరువు చివర ముద్ర ఉంటుందని తొమ్మిదేళ్లు మేళంలో ఉన్నవాడికి వేరే చెప్పాలా? సంపెంగి చేతిలోని తాటాకు చూసి, ఒక్క అక్షరం మింగకుండా పాడాడు.

"సంపెంగి నుడివిన సరసగీతమిది."

ఆమె పేరు ఆ సభలో మొట్టమొదట పలికిన నోరు శత్రువు నోరు. అయినా సంపెంగికి ఒళ్లంతా పులకరించింది. గవరయ్య మద్దెల మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"ఆగండి!" అని మహారాజు దుర్దముడి మీద నుంచి లేచాడు. "అది నేను పాడవలసిన ముద్ర. నెలల తరబడి సాధన చేశాను!" ఆయన, ఒంటిమీద బట్టలు లేక, ఎవరో అందించిన దుప్పటి కప్పుకుని, ఆసనం ఎక్కి, గొంతు సవరించుకున్నాడు. పాడాడు. మూడో దెబ్బ మింగేశాడు. చివర రెండు కలిపాడు. నలభై రోజుల తరవాత తమ ప్రభువు తమకు దక్కాడన్న సంతోషంతో వెయ్యిమంది సభికులు, భటులు, వంటవాళ్లు, మావటీలు అదే తాళం వేశారు. మూడో దెబ్బ లేకుండా, చివర రెండు ఎక్కువగా. ఆ సభలో ఆడదాని ముద్ర అలా శాసనమైంది.

"అయ్యో! అయ్యో! తాళం!" అని పుల్లన్న రెండు చెవులూ మూసుకున్నాడు. మొహం పచ్చబడిపోయింది. "ఇంత దరువు పాడిన సభలోనే... అపచారం! నేనిక్కడ ఒక్క క్షణం ఉండలేను!"

"పట్టుకోండి వాణ్ణి!" అని అరిచాడు దుర్దముడు.

పుల్లన్న చిటికెన వేలు వంచి తెర కొస తగిలించాడు. ఏదో మంత్రం గొణిగాడు. తెర పట్టినవాళ్ల చేతుల్లోంచి ఊడి, గాలి నింపుకుని, మండపం ఎత్తున లేచింది. దాని రెండో కొస మీద నిలబడి ఉన్న సంపెంగి తప్పుకునేలోగా ఆమెను కూడా ఎత్తుకుంది. గవరయ్య పరుగెత్తి అందుకోబోయాడు. ఆయన చేతికి ఆమె అంగీ పీలిక ఒకటి మాత్రం దొరికింది. తెర ఏడు ప్రాకారాల మీదుగా, నెమళ్ల మీదుగా, నోళ్లు తెరుచుకున్న జనం మీదుగా, పడమటి ఆకాశంలోకి సాగిపోయింది.

నగరం అరచేతంతైంది. కింద పొలాలు పోయి, ఇసుక వచ్చి, ఇసుక పోయి సముద్రం వచ్చింది. పుల్లన్న చిటికెన వేలికి కొస తగిలించుకునే తెర నడుమ పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. వాడి మొహంలో పగ లేదు గాని, మొండితనం మాత్రం ఉంది.

"నాకు ప్రవేశం ఇచ్చావు. బాగుంది, కాదనను. కాని ప్రవేశించినవాడు దరువు లేకుండా నిష్క్రమిస్తే నలుగురూ నవ్వరూ? నాకు నిష్క్రమణ దరువు కట్టు. ప్రవేశానికి దీటుగా కుదిరిందా, నిన్ను తెచ్చిన చోటే దింపుతాను. కుదరలేదా..." అని వేలు కిందికి చూపించాడు. కింద అలల మీద సూర్యుడు అప్పుడే మునుగుతున్నాడు.

సంపెంగి జుట్టులో తడుముకుంది. గంటం ఉంది. తాటాకు లేదు. తెర అంచునే ఒళ్లోకి లాక్కుంది. భయం వేసింది, నిజమే. కాని ఆకాశంలో కూర్చుని పాట కట్టే యోగం ఎవరికి పడుతుంది? ఎడమ కాలి బొటనవేలు అప్పుడే కదలడం మొదలుపెట్టింది.

"ఏ తాళంలో పోతారు స్వామీ?"

"ఏ తాళమైనా సరే!" అన్నాడు పుల్లన్న. అంతలోనే వాడి మొహం పచ్చబడింది, ఖాళీగా ఉన్న చెయ్యి చెవి మీదికి పోయింది. "ఆ రాజుగారి తాళంలో మాత్రం వద్దు తల్లీ. అది మళ్లీ విన్నానంటే నా వేలు పట్టు తప్పుతుంది, తెర నేలకు దిగిపోతుంది."

సంపెంగి "అలాగే స్వామీ" అంది, సగం మీసం కింద నవ్వు దాచుకుంటూ. తెర గాలికి తిరిగి, దూరాన నల్లగా తీరపు ఇసుక కనబడేదాకా ఆగింది. అప్పుడు గంటం ఆనించి, మూడో దెబ్బ మింగేసి, మొదటి చరణం ఎత్తుకుంది.